పెద్దపాము నోటి గడి



రెండు నెలలుగా ఈ పుటలో ఏమీ వ్రాయలేదు. కంటికి శస్త్రచికిత్స జరగడం ఒక కారణం. వ్రాయవలసిన సంగతి ఒకటి లోపల అడ్డుపడి, దానిని దాటి మరొకటి వ్రాయలేకపోవడం రెండవ కారణం. నేడు దానిని వ్రాసి దించుకుంటున్నాను. టపా కొంత దీర్ఘమైనది, ఓపికతో చదువగలరు.

మొన్నటి దసరా సెలవులకు మా అమ్మాయి, అల్లుడు, పిల్లలిద్దరు బెంగుళూరు నుండి నంద్యాలకు వచ్చారు. మనుమరాలికి పదకొండేండ్లు, మనుమనికి ఏడేండ్లు. వస్తూ వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చారు. మూతమీద రెక్కలు చాచి నిప్పులు గ్రక్కుతున్న డ్రాగన్ బొమ్మ. ఇంటిల్లిపాదీ కూర్చుండి ఆడదగిన సాహసక్రీడ అట. లోపల దళసరి అట్టపలకలు, చీట్ల కట్టలు, చిటికెనవ్రేలంత మనుషుల బొమ్మలు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. మనుమరాలు నియమాల పుస్తకం చేతబట్టి, నాకూ వాళ్ళ అవ్వకూ ఆంగ్లాన్ని తెలుగు చేస్తూ వ్యాఖ్యానం చెప్పింది. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాఖ్యానం చెప్పినవాడిని, ఆనాడు బుద్ధిగా కూర్చుండి విన్నాను.

ఒకరు కత్తివీరుడు, ఒకరు విలుకత్తె, ఒకరు మరుగుజ్జు, ఒకరు మాంత్రికుడు. గడ్డం పెంచుకున్నందువల్ల నాకు మాంత్రికుని పదవి దక్కింది. బల్లమీద ఒక్కొక్క పలకనే బోర్లా ఉన్నదానిని వెల్లకిలా త్రిప్పాలి. ఒకచోట గుహ వస్తుంది, ఒకచోట వంతెన, ఒకచోట రక్కసి. చేతిలోని దీపం ఆరిపోయేలోపుగా డ్రాగన్ నిద్రించే బిలానికి చేరి మణిని తీసుకొని రావాలి. ఈ ఆటలో మాకు మేము శత్రువులం కాము. అందరం ఒకే పక్షం. ఒకరి ప్రాణం తగ్గితే మరొకరు తమ ప్రాణంలో ఒక పాలు ఇచ్చి లేపవచ్చు. గెలిస్తే అందరమూ గెలుస్తాము, ఓడితే అందరమూ ఓడుతాము. మా మనుమడు మరుగుజ్జు. వాడు రెండుసార్లు పడిపోతే వాళ్ళక్క రెండుసార్లు లేపింది. చివరకు దీపం ఆరిపోయి అందరమూ ఓడిపోయాము. ఎవ్వరూ ఏడవలేదు. ఆ ఓటమి నాకు ఎంతో బాగుంది.

ఇటువంటి ఆటలకు దారి తీసినది అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని మా అల్లుడు చెప్పాడు. కావచ్చును. అయితే అద్భుతకథ మా నంద్యాలకు క్రొత్తది కాదు సుమా అన్నాను. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను అంకితమిచ్చినది నంద్యాల కృష్ణరాజుకే. అందులో సింహమునెక్కి ఆకాశాన తిరిగే సిద్ధుడున్నాడు, పూర్వజన్మ వృత్తాంతం విప్పి చెప్పే పసిపాప ఉంది, కథలో కథ, దానిలో మరొక కథ ఉన్నాయి. ఈ పలకలు త్రిప్పే ఆటకంటె ఎక్కువ మలుపులే ఉన్నవి. పిల్లలు విన్నారు. విన్న తరువాత మనుమడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మరి మీ చిన్నప్పుడు ఇట్లాంటి ఆట లేదా తాతా?"

ఉన్నది. ఆ రాత్రే ట్రంకుపెట్టె అడుగునుండి తీసి చూపాను.

మాది పాములపాడు. నందికొట్కూరు, ఆత్మకూరుల నడుమనున్న ఊరు. కె.సి. కాలువ నీటిని నిప్పులవాగులోనికి మళ్ళించే బానకచర్ల మా మండలంలోనిదే. ఒకప్పుడు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లా. ఊరి పేరు చెప్పగానే క్రొత్తవారు "పాములెక్కువా?" అని అడుగుతారు. మా ఇంట మాత్రం నిజంగానే ఎక్కువ. మా జేజి, అనగా మా నాయనను కన్నతల్లి, పరమపదసోపాన పటాన్ని పాతచీర అంచు విప్పిన తెల్లగుడ్డమీద తన చేతితో వ్రాసుకున్నది. కర్నూలునుండి ఆమె తమ్ముడు తెచ్చిన అచ్చుకాగితం చిరిగిపోతున్నదని, కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచి, నెలరోజులు కూర్చుండి దించినదట. అడ్డం పదకొండు, నిలువు పదకొండు గళ్ళు. అన్నిటికీ పైన వైకుంఠం. మా తెలుగునాట దీనినే వైకుంఠపాళి అంటారు.

ముక్కోటి ఏకాదశి రాత్రి, శివరాత్రి రాత్రి జాగారానికి ఈ పటం పరిచేవారు. ఒక లాంతరు, ఆరు గవ్వలు, తలా ఒక కాయ. కాయలంటే ఒకరికి కందిబేడ, ఒకరికి గాజుముక్క, ఒకరికి వేపగింజ. గవ్వలు వెల్లకిలా పడినన్ని గళ్ళు నడవాలి; అన్నీ బోర్లా పడితే పన్నెండు. ఇది మా ఇంటి లెక్క. మీ ఇండ్లలో వేరుగా ఉండవచ్చును. అచ్చుపటాలలో పాములకు రాక్షసుల పేర్లుంటాయి. మా జేజి ఆ పేర్ల ప్రక్కనే, తనకు తోచిన దుర్గుణాల పేర్లు కూడ చిన్న అక్షరాలతో వ్రాసుకున్నది. పూతన ప్రక్కన 'కపటము'. బకాసురుని ప్రక్కన 'తిండియావ'. నూరు గళ్ళు దాటిన తరువాత, వైకుంఠం కంటికి కనబడుతున్నదనగా, నోరు తెరుచుకొని ఉంటాడు అరుకాషుడు. పటంలోకెల్లా పెద్దపాము. వాని తోక మొదటి గడిలో. వాని ప్రక్కన ఆమె వ్రాసినది 'అహంకారము'.

ఆమె పెట్టిన నియమం ఒకటి ఉండేది. అది మరి ఏ ఇంటనూ నేను వినలేదు. పాము మ్రింగినవాడు ఆ పాము పేరుకు తగిన తన తప్పొకటి అందరి ముందూ చెప్పుకోవలె. చెప్పనిదే మరల గవ్వలు ముట్టరాదు. పూతన నోట బడితే ఎవరినో మోసగించిన సంగతి, బకాసురుని నోట బడితే అటకమీద బెల్లం తిన్న సంగతి. మేము పిల్లలం నవ్వుకుంటూ చెప్పేవాళ్ళం. పెద్దలు కొంచెంసేపు ఊరకుండి చెప్పేవారు. ఒకసారి మా నాయన అరుకాషుని నోట బడి, గవ్వలు క్రింద పెట్టి, ఏమీ చెప్పక లేచి వెళ్ళిపోవడం నాకు గుర్తున్నది. జేజి ఆయనను పిలువలేదు. ఆయన కాయను మొదటి గడిలోనే ఉంచి, తెల్లవారేదాకా మిగిలినవాళ్ళం ఆడాము.

ఈ ఆట ఒక్క తెలుగువారిది కాదని మీలో పలువురికి తెలిసియుండును. ఉత్తరాదిన దీనిని జ్ఞాన చౌపడ్ అన్నారు, మరాఠీవారు మోక్షపట్ అన్నారు, నేపాలులో నాగపాశ అన్నారు. తమిళులకూ పరమపదం ఉన్నది. పదమూడవ శతాబ్దపు జ్ఞానేశ్వరుడు దీనిని కల్పించాడని మహారాష్ట్రలో ఒక వాడుక. మ్యూజియాలలో నేడు చూడగలిగే పటాలు మాత్రం పాతవంటే 18వ శతాబ్దం నాటివి. వైష్ణవులకు 72 గళ్ళ పటం, జైనులకు 84 గళ్ళ పటం, సూఫీలకు వారిది వారికి వేరే పటం. మతమేదైనా ఎత్తు ఒక్కటే: మంచిగుణం నిచ్చెన, చెడుగుణం పాము, పైన ముక్తి. పాతపటాలలో నిచ్చెనలకంటె పాములు ఎక్కువ. ఎక్కడం కష్టమనీ, జారడం సులువనీ పెద్దలకు అనుభవం.

దొరలు దీనిని తమ దేశానికి తీసికొని వెళ్ళారు. 1892 ప్రాంతంలో ఇంగ్లండులో ఇది అచ్చయి అంగళ్ళలోకి వచ్చింది. మొదట వారు కూడ పొదుపు, పశ్చాత్తాపం, శ్రమ అని నిచ్చెనలకు పేర్లు పెట్టారు. కాని పాములను, నిచ్చెనలను లెక్కకు సమానం చేశారు. తరువాత తరువాత పేర్లు కూడ రాలిపోయి, అంకెలు మాత్రం మిగిలాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములను కూడ తీసివేసి జారుడుబల్లలు పెట్టింది. అలా పేర్లు పోయిన ఆట మరల మన దేశానికే తిరిగి వచ్చి, లూడో అట్టకు వెనుకవైపు అచ్చయి, ఎగ్జిబిషన్లలో పది రూపాయలకు అమ్ముడుపోయింది. పాము కరిచేది ఎందుకో తెలియని ఆట అది. మన పటంలో మాత్రం ప్రతి పాముకూ పేరున్నది.

సరే, ఆ రాత్రి పటం పరిచాము. గవ్వల సంచి విప్పి ఆరింటినీ దులిపి ఇచ్చాను. కొంతసేపు ఆడిన తరువాత మనుమరాలికి విసుగు వచ్చింది.

"ఇందులో మనం చేసేదేముంది తాతా? అంతా గవ్వలే ఆడుతున్నాయి. ఆ ఆటలో నేను ఎటు పోవాలో నేనే చూసుకున్నాను. తమ్ముడు పడిపోతే లేపాను. ఇక్కడ వాణ్ణి పాము మింగుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

బదులు చెప్పడానికి నోరు తెరిచాను గాని మాట వెంటనే రాలేదు. పాఠం చెప్పేటప్పుడయితే ప్రారబ్ధమనీ, సంచితమనీ పెద్దమాటలు వచ్చేవి. పసిది అడిగినది న్యాయమైన ప్రశ్న. వాళ్ళ ఆటలో రక్కసి బయట ఉంటాడు. అందుకే నలుగురు కలిసి కొట్టగలరు. మన ఆటలో రక్కసి ఆడేవాని లోపలి గుణం; దానిమీదికి ఇంకొకరిని తోడు తెచ్చుకోవడం కుదరదు. గవ్వల పాటు మన చేతిలో లేదు, నిజమే. మన చేతిలో ఉన్నది పడిన తరువాత చెప్పే మాట ఒక్కటే. అందుకే కాబోలు జేజి ఆ నియమం పెట్టింది. ఈ మాటే పిల్లకు అందేటట్లు చెప్పాను. ఆమెకు అది నచ్చింది. అప్పటినుండి పాము నోట బడినవారిచేత తప్పు చెప్పించే అధికారం తానే పుచ్చుకున్నది. వాళ్ళ అవ్వ చేత కూడ ఒకటి చెప్పించింది. అది ఇక్కడ వ్రాస్తే నాకు అన్నం పుట్టదు.

రాత్రి పదిన్నర ప్రాంతంలో నేను అరుకాషుని నోట బడ్డాను.

"అహంకారం," అని చదివింది మనుమరాలు. "చెప్పు తాతా."

నేను ఒక కథ చెప్పాను. చిన్ననాడు పద్యాల పోటీలో నాకు రెండవ బహుమతి వస్తే, మొదటిది వచ్చినవానితో నెలరోజులు మాట్లాడలేదని. అది నిజమే గాని, నాకు గుర్తుకు వచ్చినది అది కాదు. పాము పేరు వినగానే మనసులో మెదలినది వేరొకటి. దానిని ప్రక్కకు నెట్టి ఈ చిన్నదానిని పైకి తెచ్చాను. పిల్ల నమ్మింది. గవ్వలు నా చేతికి ఇచ్చింది. నిద్ర వస్తున్నదని చెప్పి లేచి వచ్చాను. మా నాయన అట్లే లేచి వెళ్ళిన రాత్రి గుర్తుకు వచ్చింది. ఆయన కనీసం అబద్ధం చెప్పలేదు.

ఇక మీకు చెప్పవలసినది ఇది.

1993. నేను నల్లమల అంచున ఒక ఊరి ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాను. ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడు. పద్యం రెండుసార్లు వింటే మూడవసారి తానే చదివేవాడు. యతిస్థానం దగ్గర తెలియకుండానే ఆగేవాడు. ఛందస్సు నేను నేర్పకముందే వాని చెవికి తెలుసు. వానిని చూచి నేను గర్వపడేవాడిని. ఆ గర్వం వానిది కాదనీ నాదేననీ అప్పుడు తెలియలేదు.

ఒకనాడు ఉదయం సభాపర్వంలోని ద్యూతఘట్టం చెప్పాను. ధర్మరాజు పాచికలకు లొంగి తమ్ములను, ఆలిని ఒడ్డిన కథ. బాగా చెప్పాననే సంతృప్తితో బయటకు వచ్చాను. మధ్యాహ్నం అన్నం గంట తరువాత చూస్తే, వరండా బండమీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా గళ్ళు, చుట్టూ నలుగురు పిల్లలు. నడుమ ఈ పిల్లవాడు గవ్వలు గిలకరిస్తున్నాడు. ఉదయం చెప్పిన పాఠం ఇంతేనా అని నాకు ఒళ్ళు మండింది. నాలుగు గవ్వలూ లాక్కుని, బడి వెనుకనున్న పాడుబావిలోకి విసిరివేశాను. అంతటితో ఆగినా బాగుండేది. వాని తండ్రి పేకాటలో రెండెకరాలు పోగొట్టుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. తరగతి అంతా వింటుండగా, "జూదరి కొడుకు జూదరి కాక ఏమవుతాడు?" అన్నాను.

పిల్లవాడు ఏడవలేదు. పలక, సంచి తీసుకొని ఇంటికి వెళ్ళాడు. మరునాడు రాలేదు. వారం రాలేదు. రోషం తగ్గితే వాడే వస్తాడనుకున్నాను. వాని ఇల్లు బడికి అరమైలు దూరం. నేను వెళ్ళలేదు. పండితుడు పిల్లవాని ఇంటికి వెళ్ళి తప్పయినదని చెప్పడమా అన్నదే అడ్డం. నెల దాటిన తరువాత హాజరుపట్టీలో వాని పేరుమీద ఎర్రసిరాతో గీత పడింది. గీసినది నేనే. తరువాతి ఏడు నాకు బదిలీ అయినది.

ఉపాధ్యాయుడు నిచ్చెన వంటివాడని వీడ్కోలు సభలలో చెబుతారు. 2019లో నా పదవీవిరమణనాడు కూడ ఒకరు శాలువ కప్పి ఆ మాటే అన్నారు. చప్పట్లు మ్రోగాయి. నేను చేతులు జోడించి కూర్చున్నాను. వాని పటంలో నేను ఏ గడిలో ఉన్నానో ఆ సభలో నా ఒక్కనికే తెలుసు.

పిల్లలు బెంగుళూరు వెళ్ళిన తరువాత, ఆ ఊరి పాతవిద్యార్థి ఒకరికి ఫోను చేసి విచారించాను. వాడు ఆళ్ళగడ్డలో రాతిపనిలో ఉన్నాడని తెలిసింది. ఆళ్ళగడ్డ శిల్పుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ ఊరిలో చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుడులకో పోతాయి. నంద్యాలనుండి నలభై కిలోమీటర్లు. ముప్పది ఏండ్లుగా అహోబిలం వెళ్ళినప్పుడెల్లా ఆ ఊరి మీదుగానే వెళ్ళాను. గవ్వల సంచిలోనుండి నాలుగు తీసి జేబులో వేసుకొని బస్సెక్కాను.

రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డు. లోపల రాయి కోసే యంత్రం రొద, తెల్లని దుమ్ము. ముఖానికి తువ్వాలు చుట్టుకొని ఒకడు నంది మూపురం నునుపు చేస్తున్నాడు. తల నెరిసింది. నేను పేరు చెప్పకముందే యంత్రం ఆపాడు.

"సార్! మీరు తెలుగు సార్ గదా? యాడుంటిరి ఇన్ని దినాలు?"

స్టూలు వేసి, తువ్వాలుతో దులిపి, కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. బడి మాని మేనమామ వెంట ఇక్కడికి వచ్చాడట. పదేండ్లు కూలికి చెక్కి, ఇప్పుడు సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. ఒక్కతే కూతురు, ఇంటర్మీడియెట్ చదువుతున్నది. నేను వచ్చిన పని చెప్పడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాను. చివరకు జేబులోని గవ్వలు తీసి రాతిమీద పెట్టాను.

"ఆ దినం నేను పారేసినవి ఇవి కావు. మా జేజివి. నేను అన్నమాట తప్పు. నీ ఇంటికి వచ్చి చెప్పవలసినది. రాలేదు."

వాడు గవ్వలను చూస్తూ కొంతసేపు ఊరకున్నాడు.

"అవి మాయమ్మ కొనిందె సార్, అహోబిలం తిరునాల్లో. మా నాయన పేకాటకు పోకుండా ఇంట్లో కూసోబెట్టాల్నని. మాపటేల దీపం పెట్టినాక ఆయనా, నేనూ, మాయమ్మా ఆడుతుంటిమి. దుడ్లు లేని ఆట గదా. ఆ దినం నేనే అమ్మకు చెప్పకుండా బడికి తెచ్చింటి."

మరి ఆ గవ్వలు పోయిన తరువాత మీ నాయన మళ్ళీ పేకాటకు వెళ్ళాడా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను. వాడూ చెప్పలేదు.

"నిన్ను చదువు మాన్పించినవాడిని నేనే," అన్నాను.

కాదని అంటాడని మనసులో ఏదో మూల ఆశ ఉండినది. నిజం చెప్పవలెనంటే ఆ మాట వినడానికే బస్సెక్కి ఉంటాను. వాడు అనలేదు.

"సదువుకోనుంటే బాగుండు సార్. ఈ పని బాగలేదని కాదు. శిల్పశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చుకుంటి, అంతా సంస్కృతం మాటలు. తాళమానం లెక్కలు మా పాపతో చదివిచ్చుకుంటా. పద్యాలు మాత్రం పోలేదు. ఉలి కొట్టేటప్పుడు వస్తాంటాయి." అని ఆగి, "టీ చల్లారుతాది సార్, తాగండి," అన్నాడు.

త్రాగాను. వెళ్ళేటప్పుడు షెడ్డు వెనుకకు తీసికొని వెళ్ళి ఒక బండ చూపించాడు. అంచు విరిగి పనికిరాకుండా పోయిన నల్లరాయి. దానిమీద ఇరవైయైదు గళ్ళు, ఇంటి గళ్ళకు అడ్డగీతలు, ఉలితో చెక్కినవి. మధ్యాహ్నం అన్నాలు తిన్న తరువాత పనివాళ్ళు ఆడుకుంటారట. గవ్వలకు బదులు, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగు ఆ రాతిమీదనే ఉన్నవి. వాడు పిక్కలను ప్రక్కకు జరిపి, మా జేజి గవ్వలను అరచేతిలో గిలకరించి విసిరాడు. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడ్డాయి.

"రెండు," అన్నాడు. గవ్వలను అక్కడనే ఉంచుకున్నాడు. నేను వచ్చిన పని అంతవరకు జరిగింది. దానిని ఏమని పిలవవలెనో నాకు తెలియదు, క్షమ అని మాత్రం అనను. ఆ మాట అనవలసినవాడు అనలేదు. అడిగే అర్హత నాకు ఉన్నదని నేను అనుకోవడం లేదు.

ఆ రాత్రి బెంగుళూరుకు ఫోను చేసి మనుమరాలితో మాట్లాడాను. పాము నోట బడిననాడు నేను చెప్పినది అసలు తప్పు కాదనీ, అసలుది ఇదనీ మొదటినుండి చివరివరకు చెప్పాను. పదకొండేండ్ల పిల్లకు ఇవన్నీ చెప్పవచ్చునా అని వాళ్ళ అవ్వ గదమాయించింది. చెప్పవలెననే నాకు తోచింది. పిల్ల మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా విన్నది. తరువాత అడిగింది:

"ఆ అంకుల్‌ని ఎవరూ లేపలేదా తాతా? మిగిలిన ముగ్గురు పిల్లలు అక్కడే ఉన్నారు కదా?"

ముప్పదేండ్లలో నాకు ఒక్కసారి కూడ తోచని ప్రశ్న. ఆ ముగ్గురు పిల్లలు భయంతో నిలబడి ఉండిరి. వారిని అట్లా భయపెట్టి ఉంచినవాడినీ నేనే. ఆమె ఆటలో అయితే ఒకడు పడిపోతే మిగిలినవారికి లేపే వంతు వస్తుంది. నా తరగతిలో ఆ వంతు ఎవరికీ ఉండేది కాదు. మన పటానికి ఉన్న గొప్పతనం నేను పిల్లలకు చెప్పాను. ఆ పెట్టెలోని ఆటకు ఉన్న గొప్పతనం ఏమిటో ఆ మాటతో నాకు తెలిసింది.

"లేపలేదమ్మా," అన్నాను.

"ఆ రోజు ఆట ఫోటో తీశాను. నువ్వు చెప్పకుండానే గవ్వలు తీసుకున్నావు కాబట్టి ఆ పందెం చెల్లదు. నీ కాయ ఒకటో గడిలోనే ఉంది. సంక్రాంతికి వచ్చాక అక్కడినుంచే," అని చెప్పి పెట్టేసింది.

సంచిలో ఇక రెండే గవ్వలున్నవి. సంక్రాంతిలోపు నాలుగు చింతపిక్కలు సిద్ధం చేయాలి. పెరట్లో బండమీద కొంచెం నీళ్ళు చల్లి ఒకవైపు అరగదీస్తున్నాను. నల్లనిపొర పోయి లోపలి తెలుపు కనబడేదాకా రుద్దాలి. నా వ్రేళ్ళకు ఒక్కొక్క పిక్కకు అరగంట పడుతున్నది. రెండు అయినవి.

మిత్రులకు ఒక మనవి. మీ ఇండ్లలో పాతపటాలు, చేతితో వ్రాసినవైనా అచ్చువైనా, ఉంటే ఒకసారి తీసి చూడండి. మీ జేజులు, అమ్మమ్మలు ఏ పాము ప్రక్కన ఏ పేరు వ్రాసుకున్నారో చదివి నాకు తెలియజేయగలరు. మాసి చెరగక ముందే వాటిని ఒకచోట చేర్చవలెనని ఉన్నది.

సెలవు.